నిక్ కేవ్ సౌండ్‌సూట్‌లని "ఫ్యాన్సీ డ్రెస్" అంటున్నారు, ఏం చెప్పాలి?

టెక్స్‌టైల్_పిల్ల:

అందరికీ నమస్తే. హైదరాబాద్‌లో టెక్స్‌టైల్ డిజైన్ చదువుతున్నాను, ఆఖరి సంవత్సరం. సెమినార్‌లో ఇప్పుడు పనిచేస్తున్న ఒక ఆర్టిస్టుని, వాళ్ల పెద్ద ప్రదర్శన ఒకదాన్ని తీసుకుని మాట్లాడాలి. క్లాసులో అందరూ పెయింటర్ల వైపు వెళ్లారు. నేను నిక్ కేవ్‌ని తీసుకున్నాను. బట్ట, పూసలు, దారంతో పనిచేసే మనిషి కదా, మన సబ్జెక్టుకి దగ్గరగా ఉంటుందని.

తెలియనివాళ్ల కోసం కాస్త చెప్తాను. ఈయన 1959లో అమెరికాలో మిస్సోరీ రాష్ట్రం ఫుల్టన్‌లో పుట్టాడు. ఏడుగురు అన్నదమ్ములు, తల్లి ఒక్కతే పెంచింది. కాన్సాస్ సిటీలో ఒక డిగ్రీ, మిషిగన్‌లోని క్రాన్‌బ్రూక్‌లో ఇంకో డిగ్రీ చేశాడు. ఆల్విన్ ఎయిలీ సంస్థలో డాన్స్ నేర్చుకున్నాడు. చికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ స్కూల్లో ఏళ్ల తరబడి ఫ్యాషన్ పాఠాలు చెప్పాడు. తల నుంచి కాలి దాకా మనిషిని పూర్తిగా కప్పేసే "సౌండ్‌సూట్"లు చేస్తాడు, ఇప్పటికి 500 దాటాయి. నేను తీసుకున్న ప్రదర్శన పేరు "ఫర్‌అదర్‌మోర్". 2022 మే నుంచి అక్టోబర్ దాకా చికాగోలోని మ్యూజియం ఆఫ్ కాంటెంపరరీ ఆర్ట్‌లో జరిగింది, తర్వాత న్యూయార్క్‌లోని గుగ్గెన్‌హైమ్ మ్యూజియంకి వెళ్లి 2023 ఏప్రిల్ దాకా ఉంది. సూట్‌లు, శిల్పాలు, వీడియోలు, వేలాడే ఇన్‌స్టలేషన్లు, అన్నీ కలిపి ఆయన ముప్పై ఏళ్ల పని.

ఇప్పుడు నా సమస్య. ఫొటోలు చూపిస్తే మా గైడ్ అన్నారు, "బాగున్నాయమ్మా, కానీ ఇది ఫ్యాన్సీ డ్రెస్. నల్లజాతి అస్తిత్వం అని హెడ్డింగ్ పెట్టావు, అసలు మనిషి ఒళ్లే కనపడటం లేదు కదా, ఇందులో నల్లజాతి ఎక్కడుంది?" నాకు వెంటనే జవాబు తట్టలేదు. నెట్‌లో దొరికే వ్యాసాలన్నీ ఒకే మాట తిప్పి తిప్పి రాస్తున్నాయి. నేరుగా చూసినవాళ్లు ఎవరైనా ఉంటే, మీకు ఏం కనిపించిందో చెప్పండి. కుట్టుపని తెలిసినవాళ్లయితే ఇంకా మంచిది.

గిటార్_బాబు:

నిక్ కేవ్ అంటే ఆస్ట్రేలియా సింగర్ కదా? ఆయన బొమ్మలు కూడా చేస్తున్నాడా ఇప్పుడు?

టెక్స్‌టైల్_పిల్ల:

ఆయన వేరు, ఈయన వేరు అన్నా. పేరొక్కటే. గూగుల్ చేసినప్పుడల్లా నాకూ సగం ఆయన పాటలే వస్తున్నాయి 😄

నరసాపురం_లేసు:

అమ్మాయ్, నేను చూశాను. మేము చికాగో పక్కన అరోరాలో ఉంటాం. ఇంట్లోనే మగ్గం వర్క్ జాకెట్లు, ఆల్టరేషన్లు చేస్తాను. ఇల్లినాయ్ వాళ్లకి అప్పట్లో ఆ మ్యూజియం మంగళవారం ఉచితం, అందుకని మంగళవారం వెళ్లాను. చదువుకున్నవాళ్లు రాసినట్టు నాకు రాయడం రాదు. సూది పట్టుకునేదాన్ని కాబట్టి సూది వైపు నుంచి చెప్తాను.

ముందు మీ గైడ్ గారి ప్రశ్న. ఒళ్లు కనపడదు, నిజమే. కనపడకూడదనే చేశాడు. ఎందుకో తెలియాలంటే 1991కి వెళ్లాలి. ఆ ఏడాది మార్చి 3న లాస్ ఏంజెలస్‌లో రాడ్నీ కింగ్ అనే నల్లజాతి మనిషిని కారు ఆపి పోలీసులు లాఠీలతో చావబాదారు. ఎదురింటి బాల్కనీలోంచి ఒకాయన వీడియో తీశాడు, అది దేశమంతా టీవీల్లో తిరిగింది. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో కోర్టు ఆ పోలీసులని వదిలేసింది. ఊరు తగలబడింది, ఆ అల్లర్లలో 50 మందికి పైగా పోయారు. కొట్టినవాళ్ల వైపు నుంచి వచ్చిన మాటలు చూడు: అతను భారీ మనిషి, మామూలు బలం కాదు, మాకు భయమేసింది. కిందపడి ఉన్నవాడి గురించి, చుట్టూ నిలబడి కొట్టినవాళ్లు చెప్పిన మాట అది. అంటే వాళ్లు కొట్టింది ఎదురుగా ఉన్న మనిషిని కాదు, తమ బుర్రలో ముందే ఉన్న ఒక ఆకారాన్ని.

కేవ్ అప్పుడు చికాగోలో కుర్ర మాస్టారు. ఆ రోజుల్లో ఒకసారి పార్కులో కూర్చుని ఉంటే కింద ఎండుపుల్ల ఒకటి కనిపించింది. ఎవరికీ పనికిరాక రాలిపోయింది, తొక్కుకుంటూ పోయేది. తననీ లోకం అలాగే చూస్తోందనిపించిందట. పుల్లలు ఏరుకొచ్చి, మూడేసి అంగుళాల ముక్కలు కోసి, ఒక్కో ముక్కకి బెజ్జం వేసి, తీగతో లోపలి బట్టకి కట్టుకుంటూ పోయాడు. శిల్పం చేస్తున్నాననే అనుకున్నాడు. అయ్యాక చూస్తే తొడుక్కోవచ్చు అనిపించింది. తొడుక్కుని కదిలితే పుల్లకి పుల్ల తగిలి గలగలమంది. ఆ చప్పుడు నుంచే సౌండ్‌సూట్ అనే పేరు.

ఇప్పుడు మీ గైడ్ గారికి చెప్పు. ఆ సూట్ వేసుకున్నవాడు నలుపో తెలుపో, ఆడో మగో, డబ్బున్నవాడో లేనివాడో నీకు తెలియదు. వీధిలో ఎదురుపడితే మనం మొదటి చూపులోనే వేసేసే లెక్కలన్నీ అక్కడ ఆగిపోతాయి. నువ్వు తడబడతావు. ఆ తడబాటే అసలు పని. నల్లమనిషి బొమ్మ గీసి గోడకి పెడితే మనం జాలిపడి వెళ్లిపోతాం. ఈయన నల్లమనిషిని దాచేసి, చూసేవాడి కన్ను ఎలా పనిచేస్తుందో వాడికే చూపిస్తాడు. అయితే దాక్కున్నాక నిశ్శబ్దంగా ఉండాలి కదా, ఇది ఉండదు. అడుగు వేస్తే మోగుతుంది. దాక్కోవడానికీ, గొంతెత్తడానికీ ఒకే బట్ట. ఫ్యాన్సీ డ్రెస్‌లో ఈ రెండూ ఉండవు.

మా ఇంటికి జాకెట్ కొలతలకి వచ్చిన ఒకావిడ, నేను డౌన్‌టౌన్ వెళ్తున్నానంటే "నల్లోళ్లు ఉంటారు, పర్సు జాగ్రత్త" అంది. ఆవిడ వాళ్లతో ఎప్పుడూ మాట్లాడి ఉండదు. మన సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో ఇంతకంటే ఘోరంగా మాట్లాడతారు, అది వేరే సంగతి. నేను చెప్పేదేంటంటే ఈ పని మనవాళ్లు చూడాల్సిన పని.

ఇక పనితనం. ఫొటోలో రంగులు కనపడతాయి, పని కనపడదు. దగ్గరికి వెళ్తే, ముట్టుకోనివ్వరు గానీ జానెడు దూరం దాకా వెళ్లనిచ్చారు, అప్పుడు తెలుస్తుంది ఇవన్నీ ఎవరో వాడి పారేసినవి అని. పాత చమ్కీ స్వెట్టర్లు, పూసల పర్సులు, చేత్తో అల్లిన దుప్పట్లు, ఊలుతో అల్లిన వేడిగిన్నె పట్టుకునే గుడ్డలు, పిల్లల బొంగరాలు, పింగాణీ పిట్టలు. ఈయన పాత సామాన్ల సంతలు తిరిగి తిరిగి కొనుక్కొస్తాడు. ఒక సూట్ నిండా బొత్తాలే, ముఖం ఉండాల్సిన చోట పిల్లలు లెక్కలు నేర్చుకునే పూసల చట్రం ఉంటుంది. కళ్లు లేవు, నోరు లేదు, వరసలు వరసలుగా పూసలు. నాకు దాని ముందు నుంచి కదలబుద్ధి కాలేదు. బొత్తాం కుట్టడం ఎంత విసుగు పనో నాకు తెలుసు కాబట్టి.

ఇంకోటి నీకు ఏ వ్యాసంలోనూ దొరకదు. చాలా సూట్‌ల మీద తెల్లటి క్రోషే డాయిలీలు ఉన్నాయి, టేబుల్ మీద వేసుకునే గుండ్రటి లేసు ముక్కలు. మాది నరసాపురం. మా అమ్మ, పెద్దమ్మ, వీధిలో ఆడవాళ్లంతా లేసు అల్లినవాళ్లే. 19వ శతాబ్దంలో మిషనరీలు గోదావరి జిల్లాల్లో నేర్పిన పని అది, పోయేది మాత్రం అంతా విదేశాలకే. పూలు అల్లేవాళ్లు వేరు, వాటిని కలిపే అతుకుపని చేసేవాళ్లు వేరు. అల్లినామె పేరు ఎక్కడా ఉండదు, ఏజెంటు వచ్చి లెక్కపెట్టి తీసుకుపోతాడు. ఆ సూట్ మీద ఉన్నవి మా ఊరివని నేను అనను, అమెరికాలో ముసలమ్మలు కూడా బోలెడు అల్లారు. కానీ నా చేతికి తెలిసిన అల్లకం అది. పేరు లేని ఆడవాళ్ల పని అంతా పోగేసి, రోజూ అనుమానంగా చూడబడే ఒక ఒంటికి కవచంలా తొడిగాడు. అది చూసి నేను ఎక్కువసేపు అక్కడే నిలబడ్డాను, వెనక ఒక కుర్రాడు "ఎక్స్‌క్యూజ్ మీ" అనేదాకా.

నచ్చనిదీ ఉంది. ప్రదర్శనలో సూట్‌లన్నీ బొమ్మలకి తొడిగి కదలకుండా నిలబెట్టారు. మోగాల్సిన బట్టని మోగకుండా నిలబెడితే సగం పోయినట్టే. పక్కన వీడియోలు ఉన్నాయి కాబట్టి సరిపోయింది. నువ్వు సెమినార్‌లో ఫొటోలు మాత్రమే చూపిస్తే మీ గైడ్ ఫ్యాన్సీ డ్రెస్ అనడంలో తప్పేమీ లేదు.

పగటివేషం_ఓరుగల్లు:

అక్క బాగా చెప్పింది. నేను నాటకాలోన్ని, ఒక ముక్క కలుపుత.

ఈ సూట్‌లకు వెనుక ఒక వంశవృక్షం ఉన్నది. పశ్చిమ ఆఫ్రికాల యోరుబా జనం పితృదేవతల కోసం "ఎగుంగున్" వేషం కడతరు. పొరలు పొరలు బట్ట, వేషగాని ముఖం, చేతులు ఏవీ కనపడయి. తిరుగుతుంటే బట్టలన్నీ గొడుగు లెక్క లేస్తయి. లోపల ఎవడున్నడు అనేది అడగకూడదు, ఆ పొద్దు వాడు పెద్దల రూపం. అటు అమెరికాల న్యూ ఆర్లీన్స్‌ల "మార్డిగ్రా ఇండియన్లు" అని నల్లజాతి బృందాలున్నయి. కార్నివాల్ కోసం ఏడాది పొడుగునా ఇంట్ల కూర్చొని పూసలు, ఈకలు కుట్టుకుంటరు, మళ్ల ఏడు మళ్ల కొత్త సూట్ కుట్టాలె. మగోళ్లు సూది పట్టుకొని రాత్రిళ్లు కుట్టుడు అక్కడ గౌరవం. కేవ్ పనిల ఈ రెండింటి జాడ కనపడతది. అంటే "నల్లజాతి ఎక్కడున్నది" అన్న ప్రశ్నకు ఇదొక జవాబు: కుట్టుల ఉన్నది, అడుగుల ఉన్నది.

ఇంకొకటి. 2013 మార్చిల న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ స్టేషన్‌ల ఈయన 30 గుర్రాలను దింపిండు. ఒక్కో గుర్రంల ఇద్దరేసి డాన్సర్లు, ఎయిలీ స్కూల్ పిల్లలు. రఫియా అనే తాటి జాతి ఆకు నారతోని చేసిన గుర్రాలు మేసుకుంట మేసుకుంట ఉండి, డప్పులు మొదలు కాంగనే ముందు, వెనుక విడిపోయి దుంకుతయి. ఆఫీసులకు ఉరికే జనం ఆగి చూసిన్రు. వీడియో చూసినప్పుడు నాకు మన కీలుగుర్రాలు యాదికొచ్చినయి. చెల్లె, సెమినార్‌ల అది పెట్టు.

వేపచెట్టు_నీడ:

అందరూ మెచ్చుకుంటున్నారు కాబట్టి ఎదురు మాట ఒకటి. జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి మనిషి మెడ మీద పోలీసు మోకాలు పెట్టింది 9 నిమిషాల 29 సెకన్లు. 2020 మే 25, మినియాపొలిస్. ఆ సంఖ్యనే పేరుగా పెట్టి ఈయన 2021లో సౌండ్‌సూట్ 9:29 అని చేశాడు. పూలు, చమ్కీలు, మెరుపులు. చంపిన నిమిషాలని పూలతో అలంకరిస్తే బాధ తేలికైపోదా? ఆ మెరుపు ముందు నిలబడి సెల్ఫీ తీసుకుని వెళ్లిపోయేవాళ్లకి అది వినోదం కాదా? గ్యాలరీలో లక్షల డాలర్లు పెట్టి కొనుక్కునేవాళ్లు ఎవరో కూడా మనకి తెలుసు. ఆమె గైడ్ అడిగింది మరీ తీసిపారేయాల్సిన ప్రశ్నేం కాదని నా ఉద్దేశం.

నరసాపురం_లేసు:

వేపచెట్టు గారూ, సెల్ఫీల సంగతి మీరన్నది నిజం. నేను వెళ్లిన రోజు కూడా తీసుకున్నారు. మ్యూజియం లోపలికి వెళ్లగానే పైనుంచి వేల గాలి చక్రాలు వేలాడుతుంటాయి, తోటల్లో కట్టుకునే రేకు చక్రాలు, తళతళా తిరుగుతుంటాయి. జనం ఫోన్లు పైకెత్తి నడుస్తుంటారు. ఇలాంటి చక్రాలే అంతకు ముందు ఇంకో పనిలో వాడాడు. 2016లో మాసచూసెట్స్‌లోని మాస్ మోకా అనే మ్యూజియంలో "అంటిల్" అని ఫుట్‌బాల్ గ్రౌండ్ అంత హాలు నింపాడు: 16,000 గాలి చక్రాలు, పది మైళ్లకి పైగా గాజు పూసల దండలు, 24 షాండ్లియర్లు. అక్కడ చక్రాల అందం చూసుకుంటూ లోపలికి నడిచాక మెల్లగా తెలుస్తుంది, మధ్యలో కత్తిరించిన ఆకారాలు కొన్ని తుపాకులు, కొన్ని తూటాలు, కొన్ని కన్నీటి చుక్కలు అని. నువ్వు అప్పటికే నవ్వుతూ ఫొటో తీసేసుకుని ఉంటావు. ఆ మెరుపు ఎర. చేదు మందుకి తేనె పూసినట్టు కాదు, ఇక్కడ తేనె కోసం చెయ్యి చాపాకే నీ చెయ్యి ఎక్కడ పెట్టావో నీకు తెలుస్తుంది.

అదే "అంటిల్"లో నిచ్చెనలు ఎక్కి చూడాల్సిన మేఘం ఒకటి ఉండేది. కింద నుంచి చూస్తే దీపాలు, స్ఫటికాలు. పైకి ఎక్కితే పింగాణీ పిట్టలు, పండ్లు, బంగారు రంగు పందులు, వాటి మధ్య ఇనుప బొమ్మలు 17. ఆ బొమ్మల సంగతి మన పిల్లలకి తెలియదు కాబట్టి చెప్తున్నాను. అమెరికాలో ఒకప్పుడు తెల్లవాళ్ల ఇళ్ల ముందు పచ్చికలో నల్లపిల్లాడి బొమ్మ పెట్టేవాళ్లు, జాకీ బట్టలు వేసి, గుర్రం కట్టడానికో దీపం పెట్టడానికో చెయ్యి చాపుకుని నిలబడి ఉంటాడు. ఈయన వాటిని ఏరి తెచ్చి, ఆ చేతిలో పూసల వల పెట్టి, మేఘాల్లో నిలబెట్టాడు. స్వర్గంలో కూడా ఈ వివక్ష ఉంటుందా అన్న ప్రశ్నతో ఆ పని మొదలుపెట్టాడట. దాన్ని అలంకరణ అనడానికి నాకు నోరు రాదు.

మెరుపు లేని పనులు కూడా ఉన్నాయి. పాత సామాన్ల సంతలో ఈయనకి ఒక డబ్బా కనిపించింది. నల్లమనిషి తలకాయ ఆకారం, కింద చీటీ మీద "ఉమ్మే డబ్బా" అని రాసి ఉంది. ఎవరో ఒకప్పుడు ఇంట్లో పెట్టుకుని వాడిన వస్తువు. దాని నుంచి 2014లో ఒక వరస పనులు వచ్చాయి. ఒకదాంట్లో అలాంటి తల నోరు తెరుచుకుని ఉంటుంది, వెనక గోడ నిండా ఓడల పెయింటింగ్‌లు. ఎవరింట్లోనో హాల్లో వేలాడిన మామూలు ఓడలే అవి. ఆ నోటి పక్కన పెట్టేసరికి అవి బానిసల్ని మోసుకొచ్చిన ఓడలైపోతాయని మీకు నేను చెప్పక్కర్లేదు.

అలాగని అన్నీ గొప్పవి అనను. గోడకి పెద్ద పెద్ద చక్రాల్లాంటి పూసల పనులు ఉన్నాయి, "టోండో"లు అంటారు. తుపాకీ హింస చూసి దెబ్బతిన్న నల్లజాతి పిల్లల మెదడు స్కాన్‌ల మీద తుఫాన్ల వాతావరణ పటాలు కలిపి ఆ గీతలు తీశాడట. పూసల పని అద్భుతం, కానీ పక్కన రాసింది చదివితేగానీ ఆ సంగతి తెలియదు. నేను ముందు చూసి ఎంత బాగుందో అనుకున్నాను, తర్వాత చదివాను, చదివాక కూడా కన్నుకి అది కనపడలేదు. మీరు 9:29 మీద వేసిన ప్రశ్న నేను టోండోల మీద వేస్తాను. 9:29 ముందు మాత్రం నాకు అలా అనిపించలేదు. అతని చావుని కెమెరా వంద కోణాల్లో చూపించింది, ఊపిరి ఆడని ముఖాన్ని లోకమంతా చూసింది. ఇంకోసారి ఆ ముఖం చూపించకుండా కప్పి పంపడం నాకు మర్యాదగానే తోచింది. మన దగ్గర మాత్రం పోయినవాళ్లని పూలతో కప్పకుండా పంపుతామా?

నాకు అన్నింటికంటే నచ్చింది ఎవరూ పెద్దగా ఫొటో తియ్యనిది. "హసల్ కోట్" అని ఒక మామూలు ట్రెంచ్ కోటు. తలా లేదు, మెరుపూ లేదు, రెండు వైపులా తెరిచి పట్టుకుని ఉంది. లైనింగ్ ఉండాల్సిన చోట అంగుళం ఖాళీ లేకుండా వాచీలు, గొలుసులు, రాళ్ల నగలు. వీధి మూల కోటు తెరిచి దొంగ వాచీలు అమ్మేవాడని సినిమాలన్నీ చూపించే ఆ మనిషి కోటు. బయటి నుంచి చూసేవాడికి అతను దొంగ. లోపల చూస్తే ఒక మహారాజు గుడి కట్టుకున్నట్టుంది. కోటుకి లైనింగ్ వెయ్యడమంటే ఏంటో తెలిసినదాన్ని, ఆ బరువుకి భుజం కుట్లు ఎలా ఆగాయా అని చూస్తూ ఉండిపోయాను. కోటు పైభాగం ఎక్కడా జారలేదు. లోపల ఏదో గట్టి చట్రం ఉండి ఉంటుంది.

వేపచెట్టు_నీడ:

ఆ ఉమ్మే డబ్బా సంగతి నాకు తెలియదండీ. దానికి ఎదురు చెప్పను. గ్యాలరీ డబ్బు గురించి మాత్రం నా మాట మీదే ఉంటాను.

నరసాపురం_లేసు:

ఉండండి, అందులో నేనూ మీతోనే. కాకపోతే ఈయన పని ఊరికే చూడగలిగేది కూడా ఉంది. న్యూయార్క్‌లో టైమ్స్ స్క్వేర్ దగ్గర 42వ వీధి సబ్‌వే స్టేషన్‌లో గోడల నిండా సౌండ్‌సూట్‌లు గెంతుతున్నట్టు మొజాయిక్ వేశారు, 2022లో పూర్తయింది, 4,600 చదరపు అడుగులు. రైలు టికెట్ ఉంటే చాలు. మా మేనకోడలు రోజూ దాని ముందు నుంచే ఆఫీసుకి పోతుంది, అది ఎవరు చేశారో నేను చెప్పేదాకా దానికి తెలియదు.

టెక్స్‌టైల్_పిల్ల:

అక్కా, అన్నా, ఇంత వస్తుందనుకోలేదు. గైడ్‌కి ఏం చెప్పాలో ఇప్పుడు తెలిసింది, ముఖ్యంగా రాడ్నీ కింగ్ దగ్గర నుంచి పుల్లల సూట్ దాకా. ఫొటోలు తగ్గించి వీడియోలు పెడతాను.

ఒక్క డౌట్. నాకు ఇచ్చింది పదిహేను నిమిషాలు. ఏం వదిలెయ్యాలి? ఇంకోటి, కాలేజీలో "మెటీరియల్ శాంపిల్" తప్పకుండా పెట్టాలి అంటారు. సౌండ్‌సూట్ లాంటి ముక్క ఏదైనా నేను చెయ్యగలనా, ఒక చెయ్యి వరకైనా? బొత్తాలతో అయితే కొనగలను, సుల్తాన్ బజార్‌లో కిలోల లెక్కన దొరుకుతాయి.

పగటివేషం_ఓరుగల్లు:

పుట్టుక, చదువు, అవార్డులు అన్నీ ఒక్క స్లైడ్‌ల పడెయ్. గుర్రాల వీడియోతోని మొదలుపెట్టు, లైట్లు ఆర్పి, మాట మాట్లాడకుండ. తర్వాత "బ్లాట్" అని 2012ల తీసిన వీడియో ఉన్నది, అది చూపియ్. తెల్లటి వెనుకతెర ముంగట నల్లటి రఫియా సూట్, అద్దంల లెక్క రెండు పక్కల ఒకటే బొమ్మ. సిరా మరక లెక్క కదులుతది. ఎవనికి ఏం కనపడితే అది వాని బుర్రల ఉన్నట్టు. క్లాసుల అందరిని అడుగు, నీకేం కనపడ్డది అని. గైడ్ సార్‌ను ముందు అడుగు.

నరసాపురం_లేసు:

ఓరుగల్లు తమ్ముడు చెప్పిన వరస బాగుంది, అలాగే చెయ్యి. టోండోలు వదిలెయ్, "అంటిల్" కూడా రెండు ముక్కల్లో చెప్పు. హసల్ కోటు మాత్రం వదలకు, దుస్తుల మాస్టార్లకి లైనింగ్ మాట పడితే చెవులు నిక్కబొడుచుకుంటాయి.

శాంపిల్ సంగతి. చెయ్యి చాలు, మోచేయి పైదాకా. లోపలికి సాగే బనియన్ గుడ్డ వద్దు, బొత్తాల బరువుకి కిందికి జారిపోతుంది. మందంగా ఉన్న కాటన్ డ్రిల్ తీసుకో, నీ చేతి కంటే రెండు అంగుళాలు వదులుగా కట్ చెయ్యి. బొత్తాలు ప్లాస్టిక్‌వి తేలిగ్గా ఉంటాయి గానీ చప్పుడు పల్చగా వస్తుంది, సగం కొయ్యవి, సగం ముత్యపు చిప్పవి కలుపు. నాలుగు బెజ్జాలవి వద్దు, రెండు బెజ్జాలవైతే ఊగుతాయి. నైలాన్ దారం మెరుస్తుంది కానీ ముడి జారిపోతుంది. పత్తి దారం రెండు పేటలు, మైనం రాసి కుట్టు.

అసలు కిటుకు ఇది. చొక్కాకి కుట్టినట్టు బిగించి కుట్టకు. బొత్తాం కింద అగ్గిపుల్ల పెట్టి కుట్టి, పుల్ల లాగేసి, ఆ వదులుకి దారం చుట్టి ముడి వెయ్యి. ఒక్కో బొత్తాం అంచు పక్కదాని మీదికి పడేటట్టు, ఇంటి పెంకుల్లా వరస మీద వరస రావాలి. బిగిస్తే మోగదు. కిలోన్నర బొత్తాలు తెచ్చుకో, తక్కువైతే భుజం వైపు వదిలేసి మణికట్టు వైపు నింపు, ఎక్కువ ఊగేది అక్కడే. మెటీరియల్ శాంపిల్ కాబట్టి వెనకవైపు కూడా చూపించాలి అంటారు, ముడులు కనపడేటట్టు లోపల లైనింగ్ వెయ్యకుండా వదిలెయ్.

నీ చేతి పొడవు, మోచేయి చుట్టుకొలత, భుజం దగ్గర చుట్టుకొలత ఇక్కడ పెట్టు. కాగితం కటింగ్ గీసి ఫొటో పెడతాను. ఈ వారం పెళ్లి జాకెట్లు ఉన్నాయి, ఆదివారం రాత్రికి పెడితే నీకు సరిపోతుందా?

టెక్స్‌టైల్_పిల్ల:

సరిపోతుంది అక్కా, సెమినార్ వచ్చే నెల. చేతి పొడవు 21 అంగుళాలు, మోచేయి 9½, భుజం దగ్గర 12. రెండు బెజ్జాల కొయ్య బొత్తాలు దొరక్కపోతే నాలుగు బెజ్జాలవాటికి రెండింటిలోంచే కుట్టొచ్చా?

నరసాపురం_లేసు:

కుట్టొచ్చు. ఎదురెదురుగా ఉన్న బెజ్జాలు తీసుకో, పక్కపక్కవి తీసుకుంటే బొత్తాం ఒక వైపుకి వాలిపోతుంది.